‘వాడుకోండి’ అన్న మాట తర్వాత

(సురవరం ప్రతాపరెడ్డి గారి స్మృతిలో శ్రీరంగాపూర్‌లో చేసిన ఉపన్యాసం, అచ్చు కోసం కొద్దిగా సవరించిన పాఠం)



‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాయడానికి కూర్చున్నప్పుడు సురవరం ప్రతాపరెడ్డి గారికి ఎదురైన చిక్కు మనందరికీ తెలిసిందే. రాజుల చరిత్రకు శాసనాలున్నాయి, యుద్ధాలకు కైఫీయతులున్నాయి. మామూలు జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, పిల్లలు ఏ ఆటలాడారు అని చెప్పే కాగితం ఎక్కడుంది? ఆయన కావ్యాల్లోకి వెళ్ళారు. శతకాల్లోకి, సామెతల్లోకి వెళ్ళారు. ఒక కవి వర్ణనలో దొర్లిన చీర పేరు, మరో కవి పద్యంలో కనబడ్డ కూర పేరు ఏరుకొచ్చి జనం చరిత్ర కట్టారు. 1949లో వచ్చిన ఆ పుస్తకానికి, ఆయన పోయిన తర్వాత 1955లో, తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. ఈ వనపర్తి ప్రాంతం 1952లో ఆయన్ను శాసనసభకు పంపిన ప్రాంతం. ఆయన పేరు మీద ఇక్కడ మాట్లాడమంటే నాకు తోచిన విషయం ఇది: రేపు మన గురించి అలాంటి పుస్తకం రాయబోయేవాళ్ళకు కావ్యాలతో పాటు ఫొటోలు కూడా ఆధారాలే. ఆ ఫొటోలు వాళ్ళ చేతికి అందాలంటే ఈ రోజు మనం ఏం చేయాలి?

ప్రతాపరెడ్డి గారి పుస్తకం ఇప్పుడు ఎవరి అనుమతీ అక్కర్లేకుండా ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. ఆయన 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత చనిపోయిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్ళు హక్కు వారసులది. 2013 డిసెంబరు 31తో ఆ గడువు తీరింది. తెలుగు వికీసోర్స్‌లో ఈ పుస్తకాన్ని పైసా ఖర్చు లేకుండా చదువుకోవచ్చు. పుస్తకానికి అది చెల్లింది. 60 ఏళ్ళ తర్వాత కూడా గ్రంథాలయంలో ఎక్కడో ఒక ప్రతి మిగిలి ఉంటుంది కాబట్టి చెల్లింది. ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉన్న ఆల్బమ్ సంగతి వేరు. చెద తింటుంది, తడి తగిలి ఫొటోలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. నిన్నటి డిజిటల్ ఫొటోలైతే ఇంకా నాజూకు. హార్డ్ డిస్క్ ఒక్క రోజు మొరాయిస్తే పదేళ్ళ పెళ్ళిళ్ళు, జాతరలు పోతాయి. హక్కు గడువు తీరేదాకా ఆగితే గడువు తీరుతుంది గానీ ఫొటో మిగలదు. అందుకే అనుమతి ఇప్పుడు అడగాలి, బతికున్నవాళ్ళను అడగాలి.

అడిగితే మనవాళ్ళు కాదనరు. అక్కడే చిక్కు మొదలవుతుంది. స్టూడియో అన్నను అడిగినా, ఫేస్‌బుక్‌లో గుడి ఫొటో పెట్టిన తమ్ముణ్ణి అడిగినా ‘అయ్యో, దానికేముంది, వాడుకోండి’ అంటారు. మంచి మనసుతో అన్న మాటే. చట్టం దృష్టిలో అది ఎదురుగా నిలబడి అడిగిన మనిషికి, అడిగిన పనికి ఇచ్చిన నోటిమాట. ఆ ఫొటో తీసుకెళ్ళి వికీపీడియా లాంటి విజ్ఞాన సర్వస్వంలో పెడితే, దాన్ని ఒక పాఠ్యపుస్తకం తీసుకుంటుంది, ఒక పర్యాటక పత్రిక తీసుకుంటుంది, వాళ్ళ నుంచి మరొకరు తీసుకుంటారు. వాళ్ళెవరికీ ఆయన మాట ఇవ్వలేదు. 1957 కాపీరైట్ చట్టం 30వ సెక్షను లైసెన్సు రాతపూర్వకంగా ఉండాలంటుంది. 2012 సవరణకు ముందు సంతకం కూడా తప్పనిసరి. ఇప్పుడు హక్కుదారు రాసి ఇస్తే చాలు, ఈమెయిల్‌తోనూ పని జరుగుతుంది. అడగడం ఇంతగా సులువైన తర్వాత కూడా నోటిమాటతో సరిపెట్టుకోవడం న్యాయం కాదు.

అందరికీ ఒకేసారి, ఒకే మాటతో, రాసి ఇచ్చే అనుమతినే ఓపెన్ లైసెన్సు అంటున్నాం. క్రియేటివ్ కామన్స్ అనే సంస్థ 2001లో పుట్టింది. 2002 డిసెంబరులో మొదటి లైసెన్సులు విడుదల చేసింది. ఇప్పుడు వాడుకలో ఉన్న 4.0 రూపం 2013 నవంబరులో వచ్చింది. వీటిలో రకాలున్నాయి. పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చనేది ఒకటి. పేరు చెప్పాలి, మార్పులు చేస్తే ఆ కొత్త దాన్ని కూడా ఇదే షరతుతో లోకానికి వదలాలి అనేది రెండోది; తెలుగు వికీపీడియా వ్యాసాలన్నీ ఆ రెండో రకం లైసెన్సు కిందే ఉన్నాయి. వ్యాపారానికి వాడొద్దనే షరతు, మార్చొద్దనే షరతు ఉన్న రకాలూ ఉన్నాయి గానీ, వికీపీడియాలకు ఫొటోలు సమకూర్చే వికీమీడియా కామన్స్ వాటిని తీసుకోదు. 2004 సెప్టెంబరు నుంచి ఆ భాండాగారం పాటిస్తున్న నియమం అది.

ఇక్కడే మన ఫొటోగ్రాఫర్లు ఆగిపోతారు. ‘ఊరి మంచికైతే సరే, ఎవడో క్యాలెండర్ వేసి అమ్ముకుంటే?’ అంటారు. ఇది తీసిపారేయాల్సిన ప్రశ్న కాదు. కెమెరాకు, లెన్సుకు అప్పు చేసి, తెల్లవారుజామున చెరువు కట్ట మీద నిలబడి ఆ ఫొటో తీసింది ఆయన. నేను వాళ్ళతో చెప్పేది ఇది. ఎండాకాలం పెద్దల జ్ఞాపకార్థం చలివేంద్రం పెడతాం. బోర్డు మీద పేరుంటుంది. దారిన పోయే బేరగాడు కూడా తాగుతాడు, నువ్వు వ్యాపారివి కదా తాగొద్దు అనం. పేరు మాత్రం చెరిపేయనివ్వం. ఓపెన్ లైసెన్సులో పేరు చెప్పడం మర్యాద కాదు, షరతు. షరతు తప్పితే లైసెన్సు రద్దవుతుంది, తప్పినవాడు కాపీరైటు ఉల్లంఘించినవాడవుతాడు. ఈ రోజు మన రంగసముద్రం చెరువు ఫొటోలు వాట్సాప్‌లో వందల చేతులు మారుతున్నాయి, ఒక్కదాని మీదా తీసినవాడి పేరు ఉండదు. ఉచితంగా పోతున్నాయి, పేరు లేకుండా పోతున్నాయి. లైసెన్సుతో వదిలితే కనీసం పేరైనా వెంట నడుస్తుంది. అయినా ఒప్పుకోని ఫొటోగ్రాఫర్‌ను బలవంతపెట్టకూడదు. అది ఆయన బతుకుదెరువు. ‘పెద్ద సైజు మీ దగ్గరే ఉంచుకోండి, చిన్న సైజు ఇవ్వండి’ అని కొందరు మధ్యేమార్గం చెబుతుంటారు. ఒకే ఫొటోకు రెండు సైజులకు రెండు లైసెన్సులు నిలుస్తాయా అన్నది తగువులకు దారి తీయగల ప్రశ్న. ఆ ఫొటో మొత్తం ఇచ్చినట్టే అనుకుని ఇవ్వమని చెప్పడం నిజాయితీ. ఒకసారి ఇచ్చిన లైసెన్సును వెనక్కి తీసుకోలేమన్న సంగతి కూడా రాయించుకోక ముందే చెప్పాలి, తర్వాత కాదు.

ఇక, ఎవరిని అడగాలి? చాలామంది ఇక్కడ పొరబడతారు. కెమెరా పట్టుకున్నవాడిదే ఫొటో అనుకుంటాం. మామూలుగా అంతే, ఫొటోకు రచయిత తీసినవాడే అని చట్టమూ చెబుతుంది. కానీ 17వ సెక్షనులో ఒక మినహాయింపు ఉంది. ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్న మనిషే. మీ పెళ్ళి ఆల్బమ్ హక్కు మీది. నెగెటివో మెమరీ కార్డో స్టూడియోలో ఉండవచ్చు గాక. వనపర్తి సంస్థానంలో కూలి ఇచ్చి తీయించుకున్న చిత్రాలకైనా, పెబ్బేరు స్టూడియోలో మీ తాత నిలబడి తీయించుకున్న పాస్‌పోర్టు ఫొటోకైనా ఇదే సూత్రం. ఈ మినహాయింపు మన ఊళ్ళకు పెద్ద వరం. పాత స్టూడియోలు మూతపడ్డాయి, యజమానులు పోయారు, పేర్లు కూడా మరుగునపడ్డాయి. అయినా ఆ ఫొటోల మీద హక్కు చాలాసార్లు ఇళ్ళలోనే ఉంది. తీయించుకున్నవారు లేకపోతే వారసులది. అక్కడ మాత్రం జాగ్రత్త: అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు నలుగురుంటే నలుగురూ రాయాలి. పెద్దకొడుకు ఒక్కడు రాస్తే సరిపోదు, ఆడపిల్లలను అడగకపోవడం అసలే కుదరదు.

పత్రికల ఫొటోలు ఇంకొంచెం మెలిక. జీతానికి పనిచేసే ఫొటోగ్రాఫర్ తీసినదాన్ని పత్రికల్లో ప్రచురించే హక్కు యాజమాన్యానిది. మిగతా వాడకాలకు, ఒప్పందం వేరుగా లేకపోతే, తీసినవాడిది. మండలాల్లో కంట్రిబ్యూటర్లుగా ఉన్న మిత్రులు జీతగాళ్ళా కాదా అన్నది వాళ్ళ కాగితాలు చూస్తే గానీ తేలదు. ఇద్దరి దగ్గరా రాయించుకోవడం మేలు. ఇక ప్రభుత్వ శాఖ తీయించిన ఫొటో ‘ప్రజలది’ అనుకుంటాం. చట్టం దాన్ని ప్రభుత్వానిదే అంటుంది, ప్రచురించిన నాటి నుంచి 60 ఏళ్ళ పాటు.

కాలం లెక్క కూడా ఒక మాటలో చెబుతాను. 2012 జూన్ 21న సవరణ అమల్లోకి వచ్చే వరకు ఫొటోకు ప్రచురణ నుంచి 60 ఏళ్ళ హక్కు ఉండేది. ఆ తర్వాత పుస్తకాల్లాగే తీసినవాడి జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు అయింది. 1957 చట్టం 1958 జనవరిలో అమల్లోకి వచ్చింది. అంతకు ముందు మన దేశంలో తీసిన ఫొటోలకు 1911 నాటి చట్టం కింద నెగెటివ్ తయారైన నాటి నుంచి 50 ఏళ్ళే గడువు. ఆ లెక్కన వాటి గడువు తీరిపోయిందని వికీమీడియా కామన్స్ భావిస్తుంది. ఆ సర్వర్లు అమెరికాలో ఉన్నాయి కాబట్టి అక్కడి చట్టం కింద కూడా స్వేచ్ఛ ఉందా అని చూస్తారు. 1958కి ముందు తీసిన ఫొటో ఇంట్లో ఉంటే దాని వెనక రాసిన తేదీని జాగ్రత్తగా కాపాడండి. ఆ తేదీయే దాని విడుదల పత్రం కావచ్చు.

హక్కుదారు ఎవరో తెలియకపోతే? 31ఏ సెక్షను కింద అర్జీ పెట్టుకునే దారి ఉంది. పత్రికలో ప్రకటన ఇవ్వాలి, రుసుము కట్టాలి. చివరికి వచ్చేది అర్జీదారుకు మాత్రమే ప్రచురణ అనుమతి, లోకానికి లైసెన్సు కాదు. మన పనికి అది ఉపయోగపడదు.

ఇంత శ్రమ ఏ ఫొటోల మీద పెట్టాలన్నదే నేను ఈ సభ ముందు పెట్టదలచుకున్న అసలు మాట. ఇక్కడి ఆలయ గోపురం ఫొటో కోసం ఎవరినీ అడగక్కర్లేదు. వనపర్తి రాజులు పద్దెనిమిదో శతాబ్దంలో కట్టించిన రంగనాయకస్వామి ఆలయానికి ఇప్పుడు కాపీరైటు లేదు. కొత్తగా కట్టిన భవనమైనా ఫొటో తీసి ప్రచురించుకోవచ్చని 52వ సెక్షను చెబుతోంది. ఫోన్ తీసుకుని బయటికి నడిచి, మీరే తీసి, మీరే లైసెన్సు ఇవ్వండి. 2010లో నెదర్లాండ్స్‌లో మొదలైన ‘వికీ లవ్స్ మాన్యుమెంట్స్’ అనే పోటీ సరిగ్గా ఈ పని కోసమే. 2012లో మన దేశమూ అందులో చేరింది. గర్భగుడిలో ఫొటో వద్దంటే అది ఆలయ నియమం, కాపీరైటు కాదు, దాన్ని గౌరవించాలి. అలాగే 12 మెట్ల కిన్నెరతో 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్య గారి ఫొటో కోసం టీవీ తెర నుంచి బొమ్మ కోయనవసరం లేదు. ఆయన్ను అడిగి తీసుకోవచ్చు. బతికున్నవారి విషయంలో వికీపీడియా నియమం కూడా అదే: కొత్తగా తీయగలిగిన ఫొటోకు బదులు హక్కున్న ఫొటోను అరువు తెచ్చుకోవద్దు.

మళ్ళీ తీయలేనివి వేరే ఉన్నాయి. భీమా ఎత్తిపోతల పథకంలో ఈ రంగసముద్రం బ్యాలెన్సింగ్ రిజర్వాయర్ అయింది. అంతకు ముందు ఎండాకాలం ఈ చెరువు ఎలా ఉండేది, ఎంతవరకు ఎండేది, కట్ట కింద ఏం పండేది? దానికి సాక్ష్యం మీ ఇళ్ళల్లో పిల్లవాడి పుట్టువెంట్రుకల ఫొటో వెనకాల, మసకగా, ఉంటుంది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళు నిండినప్పుడు కొల్లాపూర్, అలంపూర్ ప్రాంతాల్లో కృష్ణ ఒడ్డు ఊళ్ళు మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురానికి తెచ్చి నిలబెట్టారు. జటప్రోలు మదనగోపాలస్వామి గుడినీ తరలించారు. గుళ్ళను తరలించారు, వాటి చుట్టూ ఉన్న వీధులను, అరుగులను, బావులను ఎవరు తరలించగలరు? అవి ఫొటోల్లో తప్ప మరెక్కడా లేవు. పాలమూరు ఊళ్ళ మీద, గుళ్ళ మీద జీవితమంతా పనిచేసిన కపిలవాయి లింగమూర్తి గారు 2018లో పోయారు. ఆయన పుస్తకాల మీద హక్కు 2078 చివరిదాకా ఉంటుంది. అందాకా ఊరుకుంటే ఆయన్ను ఎరిగిన తరంలో ఒక్కరూ మిగలరు. అడగాల్సినవి ఇవి.

అడిగే చోట మరొకరు ఉంటారు: ఫొటోలో ఉన్న మనిషి. 1940ల మొదట్లో మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అమ్రాబాద్ పీఠభూమిలో చెంచుల మధ్య ఉండి, 1943లో వాళ్ళ మీద పుస్తకం వెలువరించాడు. ఆయన ఫొటోలు లండన్‌లో సోవాస్ అనే విద్యాసంస్థ దగ్గర ఉన్నాయి. అవి మన నాగర్‌కర్నూల్ జిల్లా అడవిలో తీసినవి. వాటిని వాడుకోవాలంటే లండన్ సంస్థ నిబంధనలు చూడాలి. ఆ ఫొటోలో ఉన్న చెంచు తల్లి మనవరాలికి కాపీరైటు చట్టంలో చోటే లేదు. చట్టం చోటివ్వలేదని మనం అడగకుండా ఊరుకోవాలా? ఊరుకోకూడదని నా గట్టి నమ్మకం. 2007లో ఆస్ట్రేలియాలో ఒక మొబైల్ కంపెనీ, ఇంటర్నెట్‌లో ఓపెన్ లైసెన్సుతో ఉన్న ఫొటోను బస్సు స్టాపుల్లో ప్రకటనకు వాడింది. ఫొటోలో ఉన్నది అమెరికాలోని టెక్సస్‌కు చెందిన మైనరు అమ్మాయి. తీసినవాడు లైసెన్సు ఇచ్చాడు, పిల్లను గానీ తల్లిదండ్రులను గానీ ఎవరూ అడగలేదు. కుటుంబం కోర్టుకెళ్ళింది. విచారణ చేసే అధికారం తనకు లేదని టెక్సస్‌లోని కోర్టు 2009లో కేసు కొట్టేసింది; అసలు ప్రశ్నకు జవాబు రాలేదు. తీసినవాడి లైసెన్సు ఫొటోలోని మనిషి సమ్మతి కాదు. స్నానాల రేవు దగ్గరి ఆడవాళ్ళ ఫొటో, సర్కారు దవాఖానలో రోగి ఫొటో, బడిపిల్లల ఫొటో హక్కుదారు ఇచ్చినా మనం పుచ్చుకోకూడదు.

ఇక పని పద్ధతి. ముందు అసలు ఫైలు అడగండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, తీసిన తేదీ, కెమెరా వివరాలు రాలిపోతాయి. డాక్యుమెంటుగా పంపితే నిలుస్తాయి. కాగితం ఫొటో అయితే స్కాన్ చేయించండి, వెనక వైపు కూడా. తర్వాత హక్కుదారు తన సొంత ఈమెయిల్ నుంచి వికీమీడియా కామన్స్ అనుమతుల విభాగానికి ఉత్తరం పంపాలి. అక్కడ వాలంటీర్లు చదివి, నంబరు ఇచ్చి భద్రపరుస్తారు. ఉత్తరం బయటికి కనబడదు, నంబరు మాత్రం ఫొటో పేజీలో ఉంటుంది. మీరు ఆయన బదులు పంపితే చెల్లదు. ఈమెయిల్ లేని పెద్దమనిషికి మనవడు తెరిచి ఇవ్వవచ్చు, ఉత్తరం మాత్రం పెద్దాయన పేరుతో, ఆయనకు చదివి వినిపించాక వెళ్ళాలి. అందులో ఉండాల్సినది ఇంతే:

‘జత చేసిన ఫొటోకు కాపీరైటు నాది. దీన్ని క్రియేటివ్ కామన్స్ ఆట్రిబ్యూషన్ షేర్‌అలైక్ 4.0 లైసెన్సు కింద విడుదల చేస్తున్నాను. నా పేరు చెప్పి ఎవరైనా, వ్యాపారానికైనా, దీన్ని వాడుకోవచ్చనీ మార్చుకోవచ్చనీ, ఈ అనుమతిని వెనక్కి తీసుకోలేననీ తెలిసే రాస్తున్నాను.’

కింద పూర్తి పేరు, ఊరు, తేదీ. హక్కు ఎలా వచ్చిందో ఒక వాక్యం: తీసింది నేనే, లేదా మా నాన్న డబ్బిచ్చి తీయించినది, మేము ముగ్గురం వారసులం, ముగ్గురమూ రాస్తున్నాం అని.

ఫొటో కింద రాసే నాలుగు మాటలు కూడా ఇదే పనిలో భాగం. ‘పాత ఫొటో’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఎవరు, ఎక్కడ, ఏ సంవత్సరం, ఏ సందర్భం, ఎవరింట్లో దొరికింది అన్నవి రాయండి. కట్టుకున్న చీర పేరు, మోస్తున్న పనిముట్టు పేరు ఇంట్లో ముసలమ్మను అడిగి రాయండి. గద్వాల చీరను గద్వాల చీర అని రాయకపోతే యాభై ఏళ్ళ తర్వాత దాన్ని ‘పట్టుచీర’ అని మాత్రమే అంటారు.

ఈ సభలో టీచర్లున్నారు, స్టూడియోల వాళ్ళున్నారు, మునిగిన ఊళ్ళ నుంచి వచ్చి ఇటు స్థిరపడిన కుటుంబాల వాళ్ళూ ఉన్నారు. ముందుగా ముంపు ఊళ్ళ ఆల్బములతో మొదలుపెడదాం అని నా ప్రతిపాదన. ఊరి పేరు, ఇంటి పేరు, ఫొటోలు ఎన్ని, తీయించింది ఎవరు, వారసులు ఎవరెవరు: ఈ ఐదు గడులతో ఒక రిజిస్టరు బయట బల్ల మీద పెట్టించాను. ఉత్తరం నమూనా తెలుగులో అచ్చువేసి పక్కనే ఉంచాను. వారసులు హైదరాబాదులోనో, ముంబయిలోనో, అమెరికాలోనో ఉంటే వాళ్ళ పేరు, ఊరు రాస్తే చాలు. వాళ్ళకు రాసి అడిగే పని నేను చేస్తాను.